కజ్జికాయకి నీళ్లు బంద్

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక మూగప్రాణికి నీళ్లు ఆపేశారు. కుళాయి రాక కాదు, కరువొచ్చి కాదు. అది మాటిమాటికీ పాసు పోస్తోందని ఆపేశారు. ఇప్పుడు నేను మనవరాలిని ఒళ్లో కూర్చోబెట్టుకునే వయసుకి వచ్చాను, అయినా ఆ సంగతి తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. శాంతంగానే చెబుదామని మొదలుపెట్టాను గాని, చివరిదాకా ఆ శాంతం నిలబడుతుందని హామీ ఇవ్వలేను.

మేం జంషెడ్‌పూర్‌లో, అగ్రికో క్వార్టర్లలో ఉండేవాళ్లం. మా తాతయ్య కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం. మా నాన్న కార్ఖానాలో ఫిట్టరు. ఇంట్లో తెలుగు, గడప దాటితే హిందీ. మా నాయనమ్మ తెలుగులో ఏదైనా అడిగితే నేను హిందీలో జవాబిచ్చేదాన్ని. ఆవిడ నా నెత్తిమీద ఒక మొట్టికాయ వేసి, మళ్లీ అదే మాట తెలుగులోనే అడిగేది. అమ్మా, నాన్నా, నాయనమ్మా, నేనూ, అంతే మా ఇల్లు.

మా మావయ్య ఒక కాలేజీలో సైన్సు ల్యాబులో పనిచేసేవాడు. అక్కడ ప్రయోగాల కోసం గినీ పిగ్గుల్ని పెంచేవారట. దసరా సెలవులు ఇచ్చే ముందు ఒకటి మిగిలిపోయిందని, నేను ఆడుకుంటానని, అట్టపెట్టెలో పెట్టి నాకు తెచ్చి ఇచ్చాడు. చూస్తే అది ఎలుకా కాదు, కుందేలూ కాదు. తోకే లేదు. గోధుమరంగులో, రెండు చివర్లా సన్నగా, మధ్యలో ఉబ్బెత్తుగా, అప్పుడే మూకుడులోంచి తీసినట్టు ఉంది. మా నాయనమ్మ చూసీ చూడగానే కజ్జికాయ అంది. అదే పేరయింది. వీధిలో పిల్లలు ఆ పేరు నోరు తిరగక, కజ్జికాయకున్న హిందీ మాటతో గుజియా అనేవాళ్లు. రెండు పేర్లకీ పలికేది. పక్కింటావిడ మాత్రం పిగ్గు అన్న మాట విని, మేం పందిని పెంచుతున్నామని కొన్నాళ్లపాటు మా ఇంటి పచ్చడి ముట్టుకోలేదు.

నేను బడి నుంచి వచ్చి పుస్తకాల సంచీ గోడకి తగిలించిన చప్పుడు వింటే చాలు, కజ్జికాయ పెట్టెలో నిలబడి కూత పెట్టేది. నాకు తోబుట్టువులు లేరు. ఇంట్లో నా కోసం అరిచి ఎదురుచూసే ప్రాణి అదొక్కటే. అందుకని దాని మీద నాకు ఎంత ప్రేమో మీరే ఊహించుకోండి.

ఎండలు ముదిరే రోజుల్లో దానికి జబ్బు చేసింది. పెట్టెలో పరిచిన పాత పేపర్లు ఊరికే తడిసిపోయేవి. కొంచెం కొంచెంగా, మాటిమాటికీ పోసేది. ఆరిన చోట ముగ్గుపిండి రాలినట్టు తెల్లటి పొడి ఉండేది. ఒకరోజు ఆ తడిలో ఎర్రటి చుక్క కనబడింది. పాసు పోసే ముందు అది వీపు విల్లులా వంచి, కళ్లు మూసుకుని, సన్నగా కీచుమనేది. ఆకలికి అరిచే అరుపు వేరు, ఇది వేరు. ఆ తేడా ఎనిమిదేళ్ల పిల్లనైన నాకు తెలిసింది. పెద్దవాళ్లకి మాత్రం వాసనే తెలిసింది. ఇల్లంతా కంపు కొడుతోందన్నారు, వరండాలో పెట్టమన్నారు, వరండాలో పెడితే వచ్చేవాళ్లు ముక్కు మూసుకుంటున్నారన్నారు.

మావయ్యకి చెబితే, "పోనీలే, సెలవులయ్యాక ఇంకోటి తెత్తాను" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. అమ్మ నన్ను వెంటబెట్టుకుని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లింది. అక్కడ ఆవులూ మేకలూ వరసలో ఉన్నాయి. డాక్టరుగారు పెట్టెలోకి తొంగిచూసి, పక్కనున్నాయన్ని పిలిచి చూపించి, ఇద్దరూ కలిసి నవ్వుకున్నారు. చెయ్యయినా వెయ్యలేదు. ఇలాంటివి ఎక్కువకాలం బతకవు, ఇంకోటి తెచ్చుకోండి అని హిందీలో చెప్పి పంపేశారు. ఇంకోటట. ఆ మాట అంటే నాకు ఈనాటికీ గిట్టదు. నొప్పితో మూలిగేది ఇదయితే, ఇంకోటి వచ్చి దీనికేం చేస్తుంది? నవ్విన ఆ పెద్దమనిషికి పంటినొప్పి వస్తే, ఇంకో డాక్టరు ఉన్నాడు కదా అని ఇంట్లోవాళ్లు ఊరుకుంటారా?

ఇక మా నాన్న సంగతి. చెడ్డవాడు కాదు. కాని కార్ఖానాలో నేర్చుకున్నదే లోకం మొత్తానికీ చెల్లుతుందనుకునే మనిషి. పైపు కారుతుంటే, ఎక్కడ కారుతోందో వెతకడానికి ముందు లైను బంద్ చెయ్యాలి. అది వాళ్ల పనిలో మొదటి సూత్రం. ఒక సాయంత్రం, పెట్టెలోంచి తీసి పక్కన పెట్టిన తడి పేపర్ల మీద కాలు పడింది ఆయనకి. కాలు కడుక్కుని వచ్చి తీర్పు చెప్పేశాడు. "లీకేజీ ఎక్కువైపోయింది. నీల్లు బంద్ చెయ్యండి. లోపలికి ఎల్లకపోతే బయటికి ఎలాగొత్తాది?" తనే దాని నీళ్ల గిన్నె తీసి, నాకు అందకుండా అటక మీద పెట్టేశాడు.

నేను గొడవ చేశాను. ఏడ్చాను, అన్నం తిననన్నాను. ఎక్కువ మాట్లాడితే పెట్టెతో సహా ల్యాబుకి తిరిగి పంపేస్తానన్నాడు. అక్కడికి వెళితే దాని గతేమిటో మావయ్య మాటల్లో విని ఉన్నాను. నోరు మూసుకోక ఏం చెయ్యను? అమ్మకి జాలి ఉంది గాని, నాన్న మాట కాదనే అలవాటు లేదు. ఆవిడకి తెలిసిన ఉపకారం, పేపర్లు మార్చడం ఒక్కటే. నాయనమ్మ అంతా చూస్తూ కూర్చుంది. ఆవిడ మీద కూడా నాకు చచ్చేంత కోపం వచ్చింది.

మర్నాడు పొద్దున్నే నాన్న షిఫ్టుకి వెళ్లాడు. నేను బడి మానేసి దాని దగ్గరే ఉన్నాను. జంషెడ్‌పూర్ ఎండ సంగతి ఎరిగినవాళ్లకి చెప్పక్కర్లేదు. పదింటికే తలుపులు మూసేసుకోవాలి, సందుల్లోంచి వేడిగాలి మొహానికి కొడుతుంది. కజ్జికాయ పెట్టె మూలకి చేరి, అట్టని నాకుతూ కూర్చుంది. అట్టలో ఏముంటుంది? మధ్యాహ్నానికి నాకడం కూడా మానేసింది. నేను పిలిస్తే చెవి కదిపింది గాని లేవలేదు. అది చచ్చిపోతుందని నాకు తెలిసిపోయింది. ఇంట్లో కుండనిండా నీళ్లున్నాయి, అది దాహంతో చచ్చిపోతుంది. నేను గ్లాసు ముంచబోతే, నాన్నకి తెలిస్తే ల్యాబుకి పంపేస్తాడని అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపేసింది.

రెండు దాటాక నాన్న వచ్చాడు. ఫర్నేసు దగ్గర పనేమో, చొక్కా వీపుకి అతుక్కుపోయి, ఉప్పు చారలు కట్టి ఉంది. సైకిలు గోడకి ఆనించి, లోపలికి వస్తూనే నీళ్లు అడిగాడు. అమ్మ గ్లాసు తీసుకుంది. నాయనమ్మ ఎప్పుడు వెళ్లి కూర్చుందో, కుండ పక్కన పీట వేసుకుని, మూత మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది.

"నీల్లు బంద్" అంది.

నాన్న నవ్వాడు. ముసలావిడ పరాచికాలాడుతోందనుకున్నాడు. చెయ్యి చాపాడు. ఆవిడ చెయ్యి మూత మీంచి కదల్లేదు.

"నీ సొక్కా సూసుకో బావూ, ఎలాగ కారిపోతన్నావో. లీకేజీ ఎక్కువైపోయింది. అందుకే లైను ఆపేసినాను."

"అమ్మా, ఏటిది? నోరు పిడచ కట్టుకుపోతంది. ఆ జంతువూ నానూ ఒకటేటి?"

నాయనమ్మ గొంతు పెంచలేదు. "పోయినేడు నీకు రాయి పడి, ఈ గచ్చు మీదే పొర్లినావు కదా. అప్పుడు నీ నోటికి నీల్లు అందించినామా, నేకపోతే గ్లాసు అటకెక్కించినామా?"

అది నిజం. ముందటి ఎండాకాలంలో నాన్నకి కిడ్నీలో రాయి వచ్చింది. ఫర్నేసు దగ్గర పనిచేసి, సరిగ్గా నీళ్లు తాగనివాళ్లకి అక్కడ అది మామూలే. హిందీలో పథరీ అంటారు. అంత మనిషీ పిల్లాడిలా ఏడ్చాడు. వీధి వీధంతా వచ్చింది. అమ్మ బార్లీ కాచింది, నాయనమ్మ ఉలవకట్టు కాచింది, చెంబులు చెంబులు నీళ్లు తాగించారు, నన్ను ఇంట్లో గట్టిగా మాట్లాడనివ్వలేదు. అప్పుడు ఆయన పక్క తడిసినా ఎవరూ ముక్కు మూసుకోలేదు. ఏడాది తిరిగేసరికి ఆ నొప్పి పడ్డ మనిషే ఇంకో ప్రాణి గిన్నె తీసి అటకెక్కించాడు. మనుషులు ఇంత తొందరగా ఎలా మర్చిపోతారో నాకు అర్థం కాలేదు. ఇప్పటికీ కాదు.

నాన్న మొహం కోపంతో ఎర్రబడి ఉందో, ఎండకి ఎర్రబడి ఉందో తెలియలేదు. తర్వాత స్టూలు లాక్కుని ఎక్కి, అటక మీంచి గిన్నె తీశాడు. నాయనమ్మ మూత తీసింది. నాన్న తను తాగలేదు, ముందు గిన్నె నింపి పెట్టెలో పెట్టాడు. కజ్జికాయ లేవలేకపోయింది. అప్పుడు నేను నా సిరా పెన్నులో సిరా పోసుకునే ఫిల్లరు కడిగి తెస్తే, ఆయనే నేల మీద చతికిలబడి, ఆ లావుపాటి వేళ్లతో దాని నోటి పక్క నుంచి ఒక్కో చుక్కా వేశాడు. మొదటి చుక్కలు కారిపోయాయి. తర్వాత గొంతు కదిలింది. అది మింగుతోందని గట్టిగా తెలిశాకే నాయనమ్మ కొడుకు చేతికి గ్లాసు ఇచ్చింది.

ఆ సాయంత్రమే నాన్న పెట్టెని సైకిలు కారియరుకి కట్టి, నన్ను ముందు కూర్చోబెట్టుకుని, కాసిడీహ్‌లో కుక్కలకి వైద్యం చేసే ఒక ముసలి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన నవ్వలేదు. దాన్ని టవల్లో చుట్టి, కడుపు కింద మెల్లగా నొక్కి చూసి, రాయి తగులుతోంది, బయటికొచ్చే దారిలోనే ఉంది అన్నాడు. నొప్పికి చుక్కల మందు ఇచ్చాడు. మేం బలమని రోజూ పెట్టే పాలకూర మానేసి, పచ్చగడ్డి పెట్టమన్నాడు, కడిగి నీళ్లు కారుతుండగానే పెట్టమన్నాడు. నీళ్లు ఎంత తాగితే అంత మంచిదన్నాడు. నీళ్లు ఆపితే ఏమవుతుందని నేను హిందీలో అడిగాను. చచ్చిపోతుంది బేటీ అన్నాడు. నాన్న గోడ మీద క్యాలెండరు చూస్తూ నిలబడ్డాడు.

కొన్ని రోజులకి ఒక మధ్యాహ్నం అది గట్టిగా ఒక్క అరుపు అరిచింది. పేపరు మీద నెత్తుటి చుక్కతో పాటు సగ్గుబియ్యం గింజంత రాయి పడి ఉంది. సాయంత్రానికి గడ్డి తింది. మర్నాడు నా సంచీ చప్పుడుకి కూత పెట్టింది. ఆ కూత విని నేను వాకిట్లోనే కూర్చుని ఏడ్చేశాను. ఆ తర్వాత చాలాకాలమే బతికింది.

ఇక్కడితో కథ అయిపోతే నాకు ఇంత మంట ఉండేది కాదు. నాన్న ఆ రాయిని కాయితంలో పొట్లం కట్టి కార్ఖానాకి పట్టుకెళ్లి అందరికీ చూపించాడు. చిన్న జంతువు కోసం సైకిలు మీద కాసిడీహ్ దాకా వెళ్లాడు, ఎంత జాలిగుండె అని వీధంతా మెచ్చుకుంది. ఆయనకీ ఆ మెప్పు బాగా వంటబట్టింది. పెళ్లిళ్లలో, పేరంటాల్లో ఆ కథ చెప్పేవాడు. చెప్పగా చెప్పగా అందులోంచి అటక పోయింది, కుండ పోయింది, కుండ మూత మీద చెయ్యి పెట్టిన మనిషి పోయింది. రోజుకి ఎన్నిసార్లో పేపర్లు మార్చిన మా అమ్మ మొదటి నుంచీ లేనే లేదు. చివరికి మిగిలింది, జబ్బు చేసిందని తెలిసిన వెంటనే డాక్టరు దగ్గరికి పరిగెత్తిన నాన్న ఒక్కడే.

ఒకసారి నేను ఉండబట్టలేక, నువ్వెందుకు ఊరుకుంటావని నాయనమ్మని నిలదీశాను. ఆవిడ చేటలో బియ్యం ఏరుకుంటూ, "దానికి నీల్లు అందినాయి కదే గుంటా. పేరు ఎవులికొత్తే నాకేటి?" అంది. ఆవిడది పెద్ద మనసు. నాకు అంత మనసు లేదు, రాదు కూడా. అందుకే ఎవరు మెచ్చుకోవాలో, ఎవరు సిగ్గుపడాలో ఇవాళ ఇలా చెబుతున్నాను. నాన్న పోయి చాలాకాలమైంది. ఆయన మీద ప్రేమ తగ్గలేదు, ఆ మధ్యాహ్నం మీద కోపమూ తగ్గలేదు. రెండూ ఉన్నాయి.

ఆ రోజు నాకు తెలిసిందొకటి ఉంది. ఎవరైనా బాధపడుతుంటే, వాళ్ల బాధ కంటే ముందు మన చిరాకే మనకి కనబడుతుంది. ఆ చిరాకు తగ్గించుకునే ఉపాయానికే వైద్యం అని పేరు పెడతాం. మా అత్తగారు చివరి రోజుల్లో మంచం పట్టారు. చూడ్డానికి వచ్చిన చుట్టాలు, నా మీద జాలితోనే, ఆవిడ వింటుండగానే అన్నారు, నీళ్లు తగ్గించెయ్యమ్మా, నీకు దుప్పట్లు ఉతికే చాకిరీ తప్పుతుంది అని. ఆవిడ నీళ్ల కోసం చాచిన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకోవడం నేను చూశాను. వాళ్లకి అప్పటికప్పుడు కాఫీ గ్లాసులు తీసేసి, దారి చూపించాను. కోపిష్టిదానినని పేరొచ్చింది, రానీ.

అత్తగారు అడిగినప్పుడల్లా నీళ్లిచ్చాను. మొహమాటపడి అడగనప్పుడూ ఇచ్చాను. తడిసినవి ఉతికాను, ఆరేశాను. తడికి ఎండ ఉంది, సబ్బు ఉంది, నా చేతులున్నాయి. దాహానికి నీళ్లు తప్ప ఇంకేమీ లేదు.