చిలకమ్మ తినని దుంప

చిలకమ్మ చేమదుంపల పులుసు పెట్టిందంటే బిర్సానగర్‌లో రెండు వీధుల అవతలి తెలుగువాళ్ళు కూడా ఏదో ఒక వంక పెట్టుకుని గిన్నె పట్టుకొచ్చేవారు. ఆ పులుసు పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా ఆమె గొంతు దిగలేదు. మగడికీ ఇద్దరు ఆడపిల్లలకీ వడ్డించి, వాళ్ళు లేచాక మజ్జిగన్నంలో పచ్చిమిరపకాయ కొరుక్కుని తన కంచం తను కడిగేసుకునేది. ఆఖరున తినే మనిషి ఏం తిన్నదో ఏ ఇంట్లోనూ ఎవరూ చూడరు.

నరసన్నపేట పక్క పల్లె నుంచి ఆ ఉత్తరాది ఉక్కు ఊరికి ఆమె కాపరానికి వచ్చింది అరవై ఏడులో. మగడు పోలరాజు కార్ఖానాలో కంట్రాక్టు కింద ఇనుము మోసేవాడు. ఆమెకి హిందీ రాదు, అక్షరం ముక్క రాదు. ఆ ఊళ్ళో ఆమె సొంతంగా సంపాదించుకున్నది ఒక్కటే, శుభ్రమైన చెయ్యి అన్న పేరు. బియ్యం ఆరు నీళ్ళు కడిగేది. చింతపండు పిసికే ముందు గోళ్ళు కత్తిరించుకునేది. ఎవరింట్లో పిల్లకి పేరు పెట్టినా, కొత్త కోడలు వచ్చినా గరిటె చిలకమ్మ చేతికే ఇచ్చేవారు.

ఆ పేరుని లోపలినుంచి తొలుస్తున్నది పెరటి గోడ వెనక చేమ మడి.

నాలుగిళ్ళ స్నానాల నీళ్ళు ఒకే కాలవలో పడి వాళ్ళ గోడ పక్కనుంచే పోయేవి. వచ్చిన ఏడాదే పోలరాజు ఆ కాలవకి రెండు ఇటుకలు అడ్డం పెట్టి నీళ్ళని మడిలోకి తిప్పాడు. చేమ ఏనుగు చెవులంతేసి ఆకులు వేసింది. చూసినవాళ్ళు ముచ్చటపడేవారు. చిలకమ్మకి కనిపించేది ఆకుల కింద. సబ్బు నురగ, ఊడిన వెంట్రుకల ఉండలు, పక్కింటి ముసలాయన తెల్లారగట్ల కాండ్రించి ఉమ్మిన కఫం, పసిపిల్లల గుడ్డలు ఉతికిన నీళ్ళు. అవన్నీ వచ్చి ఆ బురదలో ఇంకేవి. దుంప తవ్వితే వేళ్ళ సందుల్లో ఎర్రటి సన్న పురుగులు మెలికలు తిరిగేవి.

ఎన్ని నీళ్ళు కడిగినా ఆమెకి తృప్తి ఉండేది కాదు. ఉడికిన దుంప తోలు ఒలుస్తుంటే వేళ్ళకి బంక అంటుకుని తీగలు సాగేది. ఆ జిగురు చూస్తే ఆ ముసలాయన ఉమ్మే గుర్తొచ్చేది. మొహం పక్కకి తిప్పుకుని ఒలిచేది. ఉప్పు చూడ్డానికి పెద్దకూతుర్ని పిలిచేది. "చాలేటే?" అని అడిగితే అది నాలిక చప్పరించి చాలనో చాలదనో చెప్పేది. వాసన పట్టీ, పులుసు మరిగే చప్పుడు పట్టీ మిగతాది తెలుసుకునేది. అలా రుచి చూడకుండా వండటం ఆమెకి ఒక విద్యలా అబ్బింది.

డెబ్బై ఎనిమిది కార్తీకంలో తెలుగువాళ్ళంతా సువర్ణరేఖ ఏటి ఒడ్డున వనభోజనాలు పెట్టుకున్నారు. పెత్తనం సిద్ధగోరా పేటలో ఉండే అసిరయ్యది. పోలరాజు ఆ ఏర్పాట్ల మాటలకి వెళ్ళి ఛాతీ విరుచుకుని ఇంటికొచ్చాడు.

"దుంపలు మనవి, వంట నీది అని చెప్పీసినాను. పులుసొకటి, పాయసమొకటి."

"పాయసమేటి? దుంపలతోటా?"

"మా అప్ప సేసేది. ఉడకబెట్టి, మెదిపి, నేతిలో ఏపి, పాలూ బెల్లమూ పోసి. నీకు రాదేటి?"

"వత్తాది. దుంపలు బజారులో కొను మావా, ఈ ఒక్కసారికి."

"ఏటి, మనవి పుచ్చినాయా?"

చిలకమ్మ కాలవ వైపు చూసింది. "ఆ నీళ్ళు..."

"ఆ నీళ్ళేటి? పదకొండేళ్ళు తిన్నాం, చచ్చినామా? నీకెక్కువయింది గానీ, గునపం ఇలా అట్టుకురా."

ఆమె గునపం తెచ్చి ఇచ్చింది. దుంపలు ఎక్కడివో అరవై మందికి తెలిస్తే తన పేరు ఆ రోజుతో సరి. తెలియకపోతే అరవై ఆకుల్లో ఆ కాలవని తన చేత్తోనే వడ్డించాలి.

ఏటి ఒడ్డున రాళ్ళ పొయ్యిల మీద రెండు గుండిగలు ఎక్కించింది. పిల్లలు దూరంగా ఇసకలో ఆడుతున్నారు. ఉప్పు చూడమని పిలవడానికి కూతురు దగ్గర లేదు, నలుగురి ముందూ పిలవడం బాగోదు. పులుసు చెయ్యి తిరిగిందే. పాయసం తీపి మాత్రం బెల్లం అచ్చుల లెక్క మీద వదిలేసింది.

పులుసు అన్నం అందరూ లొట్టలేసుకుంటూ తిన్నారు. ఆ తరవాత పాయసం వడ్డించారు. పోలరాజు స్వయంగా గరిటె పట్టుకుని తిరిగాడు.

మొదట దగ్గింది పద్మకుమారి. సన్యాసమ్మ మనవరాలు, పదేళ్ళది. గొంతు గోక్కుంటూ, దురదగా ఉందని నాయనమ్మతో హిందీలో అంది, "దాదీ, గలే మే ఖుజ్లీ హో రహీ హై." ఆ పక్కవాడు గుటక వేసి మెడ రాసుకున్నాడు. వరసంతా దగ్గు పాకింది. ఎవరో ఉసిరికాయలు కోసి అందరికీ విసిరారు. అవి కొరికితే కాస్త తగ్గింది.

చిలకమ్మకి అప్పుడు తెలిసింది. ఆ దుంపకి దురద ముందునించీ ఉంది. ఇన్నాళ్ళూ పులుసులో చింతపండు దాన్ని చంపేది. పాలల్లో చింతపండు వెయ్యరు. ఒక్క చుక్క నాలిక మీద వేసుకుని ఉంటే గుండిగ దించకముందే తెలిసిపోయేది.

సన్యాసమ్మ వాళ్ళందరిలోకీ పెద్దది. అడ్డచుట్ట నోట్లోంచి తీసి ఆర్పి పక్కన పెట్టింది.

"చిలకమ్మా, రుచి సూణ్ణేదేటే?"

"నేదు పెద్దమ్మా."

"ఏం?"

దాచి లాభం లేదనిపించింది. "అవి మురికినీళ్ళ దుంపలు. నాలుగిళ్ళ తానాల నీళ్ళకి పెరిగినాయి."

పోలరాజు చేతిలో గరిటె ఆగిపోయింది. అసిరయ్య మాత్రం పొట్ట ఊగేలా నవ్వాడు. "మరేటి, సువర్ణరేఖ నించి కాలవ తవ్వుకుంటారేటి? మా బచ్చలి పాదు ఏ నీళ్ళకి పాకిందనుకున్నావు? మొన్న నువ్వే మెచ్చుకున్నావు కదా, ఆకు నవనవలాడతందని." నలుగురూ నవ్వారు. తమదీ అంతేనన్నారు ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు.

పదకొండేళ్ళు గుండె మీద మోసిన రాయి ఇంత తేలికదా అనుకుంది చిలకమ్మ. మొన్న తిన్న బచ్చలికూర గుర్తొచ్చి వికారంతో నోట్లో నీళ్ళూరాయి. ఆమె ఉమ్మి మింగింది.

సన్యాసమ్మ నవ్వలేదు. "నీళ్ళ మాట పక్కనెట్టు. ఇయ్యాల రుచి సూణ్ణేదు. ఇంట్లో తింతావు కదా?"

"తిన్ను."

"ఎప్పుడూ?"

"ఎప్పుడూ తిన్నేదు పెద్దమ్మా. నాకు అసయ్యం."

నవ్వులు ఆగిపోయాయి.

"ఈ పిల్లకి అన్నం ముట్టించిన నాడు ఆ పులుసే పెట్టినావు," అంది సన్యాసమ్మ నెమ్మదిగా. "కొసరి కొసరి ఎట్టినావు. నీకు అసయ్యమైంది మా నోట్లో ఎట్టి, నువ్వు కూకుని సూసినావన్నమాట."

అసిరయ్య పెళ్ళాం గౌరీదేవి తన ఆకు దూరంగా తోసేసింది. కాలవ నీళ్ళు అన్నప్పుడు తొయ్యలేదు, ఇప్పుడు తోసింది. వాళ్ళందరి మొహాల్లోనూ ఉన్న ఆ ముడత చిలకమ్మకి బాగా తెలిసిందే. దుంప ఒలిచేటప్పుడు తన మొహంలో ఉండేది అదే.

సన్యాసమ్మ ఒక ఆకు పరిచి గుండిగ అడుగున మిగిలిన పులుసు వేయించింది. నాలుగు దుంపలు. "తిను."

చిలకమ్మ కూచుంది. మొదటిది నోట్లో పెట్టుకుంది. నమలకుండానే జారింది, గొంతులో ఆగింది, మళ్ళీ పైకొచ్చింది. కళ్ళు మూసుకుని మింగింది. పులుపు కాదు, ఉప్పు కాదు, నాలిక మీద మందంగా బంక. రెండోది, మూడోది. నాలుగోది తిన్నాక ఆకు మడిచింది.

"బాగుందా?" అని అడిగింది సన్యాసమ్మ.

"ఉప్పు చాల్లేదు," అంది చిలకమ్మ. అది నిజమే.

ఆ తరవాత ఏ ఇంటివాళ్ళూ ఆమె చేతికి గరిటె ఇవ్వలేదు. వనభోజనాల వంట గౌరీదేవి చేస్తోంది. గౌరీదేవి బియ్యం రెండు నీళ్ళే కడుగుతుందని చిలకమ్మకి తెలుసు. వెళ్ళి తినొస్తుంది.

పోలరాజు మడి పీకలేదు, ఇంకో సాలు పెంచాడు. పులుసు వండిన రోజు కంచం ముందు కూచుని ముద్ద కలపడు. "ముందు నువ్వు తిను" అంటాడు. కోపంగా కాదు, తాళం వేసిందీ లేనిదీ లాగి చూసుకునే మనిషిలాగ. ఆమె రెండు దుంపలు తింటుంది, అతను ఆమె గొంతు కదలడం చూసి చెయ్యి పెడతాడు.

అప్పుడామె పెరట్లోకి వెళ్ళి చెంబుడు నీళ్ళు పుక్కిలించి ఉమ్ముతుంది. ఆ నీళ్ళు గోడ కింది కన్నంలోంచి కాలవలో పడి, ఇటుకల దగ్గర తిరిగి, మడిలోకి పోతాయి.