కాంటా కాని సంబంధం

హసన్‌పర్తి దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో డేటాబేస్ పాఠం చెప్తాను. ఏది ఎక్కడ దాచాలి, దాచినదాన్ని ఎట్లా చెరపాలి అని పిల్లలకు బోర్డు మీద రాసి చూపించే పంతులమ్మను. అటువంటిదాన్ని నా సొంత పెళ్లి ప్రొఫైల్ ఒక్కటి చెరపలేక నవ్వులపాలయ్యాను.

మా పూలుపండ్లు అయి సంబంధం ఖాయమైన రోజే ఆ మ్యాట్రిమొనీ యాప్‌లో డిలీట్ కొట్టాను. కసిగా కొట్టాను. ముప్పై దాటిన ఆడపిల్లను జనం ఏ చూపు చూస్తారో అందులో చాలా చూశాను. ఒకడైతే నా ఫొటో నాకే తిరిగి పంపి, రంగు ఇంతేనా, వెలుతురు తక్కువా అని అడిగాడు. పెళ్లి ఖాయమైన ఈయన మాత్రం మొదటిసారి కలిసినప్పుడు నా మాట మధ్యలో అడ్డం రాకుండా విన్నాడు. నేను అంతకే పడిపోయాను. సిగ్గు విడిచి చెప్తున్నా, ఆయన నాకు బాగా నచ్చాడు.

లగ్గం ఇంకో నెల ఉందనగా ఆయన ఫోన్ చేశాడు.

"నువ్వు ఇంకా సంబంధాలు చూస్తున్నవా?"

"అవేం మాటలండీ?"

"నీ ప్రొఫైల్ యాక్టివ్ ఉన్నదట. ప్రీమియం గూడనట. మా పెద్దమ్మ చూసి చెప్పింది. అమ్మ పొద్దటి సంది అన్నం ముట్టలేదు. రేపు పొద్దుగూకే లోపల అది కనబడొద్దు. కనబడితే లగ్గం లేదంటాంది."

ఆయన ఏమంటున్నాడో మాత్రం చెప్పలేదు. నేనూ అడగలేదు, భయం వేసి.

మొదట యాప్‌ను తిట్టాను. మళ్లీ డౌన్‌లోడ్ చేసి చూస్తే నా ముఖం పట్టుచీరలో నవ్వుతూనే ఉంది. డిలీట్ కొట్టాను. 'మీ విన్నపం అందింది' అన్నది. కాసేపటికి మళ్లీ యాక్టివ్. క్యాష్ తీసేశాను, ఫోన్ ఆపి వేశాను, కాలేజీ ల్యాబులోని కంప్యూటర్లో తెరిచి కొట్టాను. చచ్చిన పాము తోక ఆడించినట్టు అది మళ్లీ మళ్లీ లేస్తోంది. చివరికి కస్టమర్ కేర్ అమ్మాయి దొరికింది.

"మేడమ్, మీరు డిలీట్ పెట్టినప్పుడల్లా రిజిస్టర్ అయిన నంబర్ నుంచి ఎవరో 'వద్దు' అని నొక్కుతున్నారు. చివరి అంకెలు నలభై ఒకటి."

మా మేనమామ నంబరు.

మా ఇళ్లల్లో ఆడపిల్ల ప్రొఫైల్ ఆడపిల్ల నంబరు మీద పెట్టరు. చుట్టాల్లో గట్టి గొంతున్న మగవాడి నంబరు మీద పెడతారు. పిల్ల ఏ పని చేస్తుందన్నది లెక్క కాదు. మామకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. మర్నాడు కాలేజీకి సెలవు పెట్టి, వరంగల్ స్టేషన్లో ప్యాసింజర్ ఎక్కి కేసముద్రం పోయాను.

మామది అక్కడి మార్కెట్ యార్డులో కమీషన్ మీద పంట అమ్మిపెట్టే అడ్తి దుకాణం. రైతు తెచ్చిన మక్కజొన్నలు కుప్ప పోయిస్తాడు, కొనేవాళ్లను పిలుస్తాడు. ధర ఒప్పుకున్నా సరే, కాంటా మీద తూకం అయ్యేదాకా ఇంకో కొనేవాణ్ని పొమ్మనడు. చాయ్ తాగించి పక్కన కూర్చోబెట్టుకుంటాడు. ఆ రోజూ అట్లాగే ఇద్దరిని కూర్చోబెట్టుకుని ఉన్నాడు.

"మామా, నా ప్రొఫైల్ నువ్వే ఆపుతున్నవా?"

"అవ్ బిడ్డా. నువ్వు తెల్వక తీసేస్తున్నవని ఫికర్ అయింది."

"పూలుపండ్లు అయినయి గద!"

"అయితే ఏందే? తాళి పడ్డదా? కాంటా కాకముందు బేరం ఇరిగితే కుప్ప ఎవల నెత్తిన పోసుకోవాలె?"

కంచే చేను మేస్తే ఇంక కాపెవరు? పక్కన కూర్చున్న ఇద్దరూ నన్ను పైనుంచి కింది దాకా చూశారు. మామ చేతిలోని ఫోన్ గుంజుకున్నాను. మామ నా పేరు మీద సంబంధాలవాళ్లకు మెసేజ్‌లు కూడా పెట్టాడు. ఒకడిని 'మీకు పొలం ఎంత' అని అడిగాడు. ఇంకొకడికి దండం బొమ్మ పంపాడు. అక్కడే నిలబడి డిలీట్ కొట్టి, వచ్చిన ఓటీపీ వేసి, 'అవును' నొక్కాను. ఈసారి నిజంగా పోయింది.

వెంటనే ఆయనకు ఫోన్ చేశాను. "తీసేసినండీ."

"లైన్ల ఉండు, చూస్త." అవతల ఏదో నొక్కుతున్న చప్పుడు. "ఆఁ, వస్తలేదు. మంచిదైంది. అమ్మకు చెప్త."

ఫోన్ పెట్టేయబోతుండగా బుర్ర పనిచేసింది. చూసేవాళ్లు తమ సొంత ప్రొఫైల్‌తో లోపలికి పోనిదే ఆ యాప్ ఎవరి ముఖమూ చూపించదు.

"మీరు ఎవలదాంట్ల చూసిండ్రు?"

"నాదాంట్లనే."

"మీది ఇంకా ఉన్నదా?"

"ఉంటది. అమ్మ చూసుకుంటది. మొగోళ్లది ఉంటే ఏమైతది?"

దబాయించలేదు, తడబడలేదు. నిజంగా అర్థంకాక అడిగాడు. అబద్ధమాడినా బాగుండేది, నమ్మేదాన్ని.

"నాకీ లగ్గం వద్దు," అన్నాను. ఆయన ఏదో అంటుండగానే ఫోన్ పెట్టేశాను.

మామ అంతా విన్నాడు. ఆయన ముఖంలో అంత దిగులు నేను ఎన్నడూ చూడలేదు. నా తల మీద చెయ్యి వేస్తాడేమో అనుకున్నాను.

"ఈ ముచ్చట డిలీట్ కొట్టకముందు చెప్పాలె గద బిడ్డా. ఇప్పుడు అన్నీ మళ్లా మొదటికెల్లి నింపాలె," అన్నాడు.

మక్కల కుప్ప పక్కన వెలుతురు బాగుందని నన్ను అటు జరిపి, తన ఫోన్ తీసుకుని ఫొటోకు నా ముఖం మీదికి ఎత్తాడు. అప్పుడు చూశాడు నేను ఏడుస్తున్నానని. ఫోన్ దించాడు.

"పో, జర మొఖం కడుక్కొని రా."