అంబాసిడర్ చక్రానికి నాలుగు చేతులు

అది 2022 చలికాలం. నాగర్‌కర్నూల్‌కు కొంత దూరంలో ఒక రియల్ ఎస్టేట్ వెంచర్ ఉండేది. తారు రోడ్లు వేశారు, కరెంటు స్తంభాలు పాతారు, సున్నం పూసిన హద్దురాళ్లను వరుసగా నాటారు. ఇళ్లు మాత్రం ఒక్కటీ లేవలేదు. ఆ ఖాళీ రోడ్లను ఒక ఆదివారానికి అడిగి తీసుకుని, పాత కార్ల అభిమానుల సంఘం ఒకటి పందెం ఏర్పాటు చేసింది. దీన్ని టైమ్ ట్రయల్ అంటారు. కార్లన్నీ ఒకేసారి బయలుదేరవు. ఒక్కో కారు ఒంటరిగా పరుగు తీస్తుంది, తక్కువ సమయంలో దారి ముగించినది గెలుస్తుంది.

అక్కడ నా పని స్క్రూటినీ. పరుగుకు ముందు ప్రతి కారునూ పరీక్షించి, దానివల్ల నడిపేవారికీ చూసేవారికీ ప్రమాదం లేదని నిర్ధారించి, అద్దం మీద స్టిక్కర్ అతికించాలి. ఖిల్లా ఘణపూర్ మండలంలో వేరుశనగ పండించే కుటుంబం మాది. మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటి వ్యక్తిని నేనే. వనపర్తిలో ఒక వర్క్‌షాప్‌లో మెకానికల్ ఇంజనీరుగా పనిచేస్తూ, సెలవు రోజుల్లో ఈ బాధ్యత చూసేదాన్ని. నిబంధనల పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు పాటించడమే సరైన పద్ధతి అని ఆనాడు నా నమ్మకం.

ఉదయాన్నే గద్వాల నుంచి ఒక అంబాసిడర్ వచ్చింది. ఎత్తు తగ్గించారు, వెడల్పాటి చక్రాలు వేశారు, లోపల రోల్ కేజ్ బిగించారు. కారు పల్టీ కొట్టినా పైకప్పు నలగకుండా ఆపే ఇనుప గొట్టాల పంజరమది. సీట్లకు గద్వాల చీరల జరీ అంచు ముక్కలు కుట్టి ఉన్నాయి. ఆ కుట్టుపని జైనబ్ బీది. ఆమె భర్త మహబూబ్ సాబ్ బస్సుల మెకానిక్‌గా జీవితమంతా పనిచేసి రిటైరయ్యారు. వారి కొడుకు ఖాజాకు వెల్డింగ్ షాపు ఉంది. కారు నడిపేది ఖాజా కూతురు రుక్సానా. డిగ్రీ చదువుతోంది. ఆ రోజు పందెంలో ఉన్న ఏకైక అమ్మాయి ఆమే.

కిందటేడాది రోల్ కేజ్ అతుకులు సరిగా లేవని వీరి కారును వెనక్కి పంపారు. ఆ తర్వాత ఏడాదంతా ఇంటిల్లిపాదీ ఆ కారు మీదే పడి పనిచేశారు. కారు కింద టార్చి పట్టుకుని నేను చూస్తుంటే జైనబ్ బీ గొంతు వినిపించింది.

"పిల్లను చూడవచ్చిన పెండ్లోళ్లు గూడ గింత పరీక్ష జెయ్యరు మేడమ్."

"దాదీ, జర ఊకో," అంది రుక్సానా. "మేడమ్ ఫెయిల్ జేస్తే మళ్ల ఏడాది ఆగాలె."

అతుకులు చక్కగా ఉన్నాయి. బ్రేకులు బాగున్నాయి. చక్రాల నట్లను టార్క్ రెంచ్‌తో చూశాను. నట్టును ఎంత బలంతో బిగించాలో ముందే నిర్ణయించి పెట్టుకునే పానా అది. ఆ బలం అందగానే 'టిక్' అంటుంది. ప్రతి నట్టు దగ్గరా అన్నది. నేను స్టిక్కర్ అతికించాను. ఖాజా దాన్ని చూసి కళ్లు తుడుచుకున్నాడు.

మధ్యాహ్నం వారి వంతు వచ్చింది. అంబాసిడర్ బయలుదేరే గీత దగ్గర నిలబడింది. మైకులో పేరు పిలవడానికి ఇంకా కాస్త వ్యవధి ఉంది. అప్పుడు మహబూబ్ సాబ్ డిక్కీలోంచి పొడవాటి పానా ఒకటి తీశారు. బస్సుల పని నాటిది. 'బిస్మిల్లా' అని ముందు ఎడమ చక్రం నట్లను ఒక్కొక్కటిగా బిగించారు. పానాను భార్యకు ఇచ్చారు. ఆమె చీర కొంగు దోపుకుని అవే నట్లను మళ్లీ బిగించింది. తర్వాత రుక్సానా దిగి బిగించి, వచ్చి స్టీరింగ్ ముందు కూర్చుంది. చివరగా ఖాజా.

స్టిక్కర్ పడిన తర్వాత కారు మీద పనిముట్టు పెట్టకూడదని నిబంధన. నేను అడ్డుచెప్పబోయాను. జెండా పట్టుకున్న రాములు నవ్వాడు.

"టైరు కింద నిమ్మకాయ పెట్టినట్టే గద మేడమ్. పోనియ్యిరి."

ఖాజా పానా పిడికి ఒక ఇనుప పైపు తొడిగి లాగాడు. పిడి పొడవయ్యేకొద్దీ బలం పెరుగుతుంది. నట్టు బిగిసేకొద్దీ పానా మొండికేయాలి, చివరికి కదలకుండా నిలిచిపోవాలి. ఖాజా చేతిలో పైపు నిలవలేదు. నెయ్యిలో గరిటెలా మెత్తగా తిరిగిపోయింది.

"సూడు అబ్బా, ఇంక పడుతుంది!" అన్నాడతను సంతోషంగా.

అది పట్టడం కాదు. నట్టు తిరిగే మరమేకును స్టడ్ అంటారు. బిగించినప్పుడు అది వెంట్రుకవాసి సాగుతుంది. తిరిగి ముడుచుకోవాలని అది చేసే ప్రయత్నమే చక్రాన్ని పట్టి ఉంచుతుంది. దానికీ ఒక హద్దు ఉంది, దాన్ని యీల్డ్ అంటారు. అది దాటాక ఉక్కు సాగుతూనే ఉంటుంది గాని వెనక్కి రాదు. అప్పుడే నట్టు అలా మెత్తగా తిరుగుతుంది. టార్క్ రెంచ్‌కు ఈ సంగతి తెలియదు. నట్టు వదులుగా లేదని మాత్రమే అది చెప్పగలదు.

నేను వెళ్లి బానెట్ ముందు నిలబడ్డాను.

"బండి స్టార్ట్ జెయ్యకు రుక్సానా."

"ఏమైంది మేడమ్?" అన్నాడు ఖాజా. "పొద్దుగాల పాస్ జేసింది మీరే గద? గా స్టిక్కర్ మీదే గద?"

"నాదే. ఇప్పుడు తీసేస్తున్న."

గోటితో స్టిక్కర్ అంచు లేపాను. జైనబ్ బీ నా మీదికి వచ్చింది.

"ఏందిది? గద్వాలోళ్లమనా? ఆడపిల్ల నడుపుతుందనా?"

మహబూబ్ సాబ్ ఆమెను చేత్తో ఆపారు. ఆయననే అడిగాను.

"సాబ్, ప్రతిసారి గిట్లనే బిగిస్తరా?"

"ప్రతిసారి. ప్రాక్టీస్‌కు గూడ. అందరి చెయ్యి పడాలె. మా ఇంట్ల కాయిదా అది."

"విప్పి బిగిస్తరా?"

"విప్పుడెందుకు? మీదికెల్లి బిగిస్తం. నలభై ఏండ్లు బస్సులకు నట్లు బిగించిన బిడ్డా. ఒక్క చక్రం ఊడలే."

"రంగు మేడమ్," అన్నాడు ఖాజా. గొంతులో కోపం పోయి బతిమాలుడు వచ్చింది. "చక్రాలకు కొత్త రంగు ఏసినం. నట్టు కింద రంగు నలిగితే గట్లనే తిరుగుతది. మీకు తెల్వదా?"

అతను చెప్పింది నిజమే. కొత్త రంగు నలిగినా నట్టు కొంత తిరుగుతుంది. కారణం రంగో స్టడ్డో విప్పి చూస్తే తప్ప తెలియదు. విప్పితే వంతు దాటిపోతుంది. పిలిచినప్పుడు కదలని కారుకు ఆ రోజు మరో అవకాశం లేదు. నా అనుమానం తప్పైతే, ఒక కుటుంబం ఏడాది కష్టాన్ని గీత ముందు ఆపినదాన్ని అవుతాను. ఒప్పైతే, దారి మధ్యలో రోడ్డు కింద నీళ్లు పోయే మోరీ ఉంది, దాని దగ్గరి కుడి మలుపులో కారు బరువంతా ఆ ఎడమ చక్రం మీదే పడుతుంది. ఆ మలుపు పక్కనే హద్దురాళ్లున్నాయి.

మైకులో రుక్సానా పేరు వినిపించింది.

మహబూబ్ సాబ్ నన్ను సూటిగా చూశారు. "బిడ్డా, పుస్తకం సంగతి పక్కకు వెట్టు. లోపట నీ చెల్లె కూసుంటే ఏం జేస్తవ్?"

"విప్పి చూస్త సాబ్."

ఆయన ఒక్క క్షణం కారు వైపు చూశారు. "ఖాజా, పైపు పడెయ్. జాకీ తే."

"పిలుపు దాటితే ఛాన్స్ పోతది సాబ్," అన్నాడు రాములు.

"పోనియ్యి."

ఖాజా కదలలేదు. రుక్సానాయే హెల్మెట్ తీసి, దిగి, డిక్కీలోంచి జాకీ తెచ్చింది. రాములు ఎర్రజెండా ఎత్తాడు. వనపర్తి నుంచి వచ్చిన వెనక కారును ముందుకు పిలిచారు.

చక్రం లేచింది. నట్లు విప్పాక మహబూబ్ సాబ్ ఒక నట్టును తిరిగి స్టడ్‌కు పెట్టి వేళ్లతో తిప్పారు. మామూలుగా అయితే అది చివరిదాకా జారిపోవాలి. సగంలో పట్టేసింది. స్టడ్ సాగడంతో మర చుట్ల మధ్య ఎడం మారిపోయింది. ఆయన నట్టు తీసి బొటనవేలితో స్టడ్‌ను తడిమారు. ఒకచోట వేలు ఆగింది. అక్కడ అది కందిరీగ నడుములా సన్నబడి ఉంది.

చక్రం మళ్లీ ఎక్కించమని చెప్పి, పానా కొడుకుకు ఇచ్చారు. "బిగియ్యి. పైపు లేకుండ."

ఖాజా ఒక చేత్తో లాగాడు. టక్కుమని స్టడ్ తెగి, నట్టుతో సహా తారు మీద పడి, దొర్లుతూ వెళ్లి రుక్సానా బూటు దగ్గర ఆగింది.

వనపర్తి కారు మోరీ మలుపు తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. మహబూబ్ సాబ్ తన అరచేతిని తిప్పి చూసుకున్నారు.

"బస్సు నట్టుకు అలవాటైన చెయ్యి. కారు స్టడ్ చిటికెన వేలంతనే అని చెయ్యికి ఎవరు చెప్పాలె?"

జైనబ్ బీ ఒక హద్దురాయి మీద కూలబడింది. మనవరాలిని దగ్గరికి లాక్కుని చాలాసేపు ఆ అమ్మాయి చెయ్యి వదలలేదు. నా పనిముట్లు సర్దుకుని పక్కనుంచి వెళ్తుంటే పిలిచింది.

"నీది ఏ ఊరు?"

"ఘణపూర్ దిక్కు అమ్మా."

"తిన్నవా?"

నా జవాబు కోసం చూడకుండా జొన్నరొట్టె మీద పల్లీల పొడి వేసి చేతిలో పెట్టింది.

ఆ అనుభవం తర్వాత నా పరీక్షలో ఒక ప్రశ్న చేర్చుకున్నాను. ఏ నిబంధనల పుస్తకంలోనూ అది లేదు. కారును పరీక్షించడం పూర్తయ్యాక, తెచ్చినవారిని అడుగుతాను: "బండి కదిలే ముందు మీ ఇంట్ల ఏం జేస్తరు?" కొందరు నవ్వుతారు. కొందరు సిగ్గుపడతారు. బానెట్ ఎత్తి ఇంజిన్ మీద కొబ్బరినీళ్లు చల్లుతామని ఒకాయన చెప్పారు. వైర్లకు తగలకుండా ఎక్కడ చల్లాలో ఆయనకు చూపించాను. యంత్రం తన సంగతి కొంతవరకే చెబుతుంది. దాన్ని ప్రేమించేవాళ్లు దానికేం చేస్తున్నారో వాళ్లను అడిగితేనే తెలుస్తుంది. ఆ అలవాటును మాన్పించడం నా పని కాదు. దానికి ప్రమాదం లేని చోటు వెతికిపెట్టడం నా పని.

మరుసటి ఏడాది అదే వెంచర్‌కు అదే అంబాసిడర్ వచ్చింది. అన్ని చక్రాలకూ కొత్త స్టడ్లు. పరీక్ష ముగించి, జవాబు తెలిసినా, వారినీ అదే ప్రశ్న అడిగాను.

"సూస్తవా?" అంది జైనబ్ బీ.

ఖాజా డిక్కీలోంచి కొత్త టార్క్ రెంచ్ తీశాడు. నట్లన్నీ విప్పి, వేళ్లతో మళ్లీ ఎక్కించారు. మహబూబ్ సాబ్ పిడి పట్టుకున్నారు. ఆయన చెయ్యి మీద ఆమె చెయ్యి, దానిపై ఖాజాది, అన్నిటికంటే పైన రుక్సానాది. నలుగురూ కలిసి మెల్లగా లాగారు. 'టిక్' అన్నది. నాలుగు చేతులూ ఒక్కసారే లేచాయి.

అన్ని నట్ల దగ్గరా ఆ చప్పుడు విన్నాకే స్టిక్కర్ అతికించాను.