నీళ్ల అడుగున ‘భలే’

ఈత కోచ్ పొద్దున్నే కొలను దగ్గరికి రాగానే మెడకు కట్టుకున్న పల్చటి గుడ్డ సరిచూసుకుంటాడు. గొంతు ఆపరేషన్‌లో పెట్టిన రంధ్రం దాని వెనకే ఉంది. ఊపిరంతా అక్కడి నుంచే. నీళ్లలోకి దిగకూడదు. మాట ఎలాగూ లేదు.

ఒకప్పుడు పిల్లలు ఆయన్ని మైకు సారు అనేవాళ్లు. అలాగని ఊరికే అరిచేవాడు కాదు. ఈదే పిల్ల ఊపిరి కోసం తల పక్కకి తిప్పిన క్షణం చూసి, గట్టు వెంట నడుస్తూ ‘భలే, ఇంకొక్కటి’ అనేవాడు. ఆ మాట కోసమైనా పిల్లలు వేళకి తల తిప్పేవాళ్లు. ఆపరేషన్‌తో ఆ మైకుకి కరెంటు పోయాక అందరి వేగమూ తగ్గింది. చప్పట్లు కొట్టి చూశాడు. లాభం లేకపోయింది.

అన్న కూతురు ఒక్కతే పుంజుకుంది. జట్టు ఎంపిక దగ్గర పడేకొద్దీ ఆమె వేగం పెరుగుతూ వచ్చింది. ఎలాగని పలక మీద రాసి అడిగాడు.

“నువ్వు అంటున్నావుగా, బాబాయ్,” అంది తల తుడుచుకుంటూ.

గొంతు మీద చెయ్యి పెట్టి చూపించాడు. పైన కాదట, నీళ్ల లోపల వినిపిస్తోందట. తల తిప్పితే ఆగిపోతోందట. నిజమేనా చూద్దామని మర్నాడు ఆయన బట్టలు మార్చుకునే గదిలోంచి బయటికే రాలేదు. అయినా విన్నానంది. ఆ సంగతి అన్నకి రాసి చూపిస్తే నవ్వాడు.

“ఇన్నేళ్ల నీ అరుపులు దాని చెవుల్లో కాపురం పెట్టాయిరా. ఎంపికయ్యేదాకా ఉండనీ.”

ఎంపిక రోజున అవతలి గట్టు తాకేసరికి అందరికన్నా ముందుంది. తిరిగి వస్తుంటే కోచ్ చూస్తున్నది వేగాన్ని కాదు. తల ఎప్పుడు తిప్పుతుందా అని. తిప్పలేదు. పక్క వరుసల్లో పిల్లలు నోళ్లు తెరిచి గాలి పీలుస్తున్నారు. ఈమె ముఖం నీళ్లలోనే ఉంది. కాళ్లు ఆగిపోయాయి. చేతులు మాత్రం ఆడుతున్నాయి. ఆయన నోరు తెరిచాడు, ఏమీ రాలేదు. గోడకి తగిలించిన పొడవాటి కర్ర తీసి, కొక్కెం ఆమె చంక కింద వేసి గట్టుకు లాగాడు. పెదవులు నల్లబడ్డాయి. దగ్గీ దగ్గీ కళ్లు తెరిచింది.

“ఎందుకు ఆపావు, బాబాయ్? ఊపిరి తర్వాత తీసుకుందువుగానీ అని నువ్వేగా అన్నావు.”

ఆ మాట ఆయన జన్మలో ఎవరికీ చెప్పలేదు.

జట్టులో చోటు పోయింది. అన్న చాలాకాలం పలకరించలేదు. ఇప్పుడు ఆ పిల్లకి వెల్లకిలా ఈదడం ఒక్కటే నేర్పుతున్నాడు. అందులో ముఖం ఎప్పుడూ పైనే ఉంటుంది. చెవులు నీళ్లలో ఉంటాయి.