సెన్సర్ మీద చెంబెడు నీళ్ళు

చేతిలో నీళ్ళ పైపు లేకుండా మా బావను నేను చూసింది తక్కువ. డాక్టరమ్మగారింట్లో పంతొమ్మిదేళ్ళు తోటపని చేశాడు. ఆ వీధిలో అందరూ అతన్ని పైపాయన అనేవారు. కోపం వస్తే మా అక్క కూడా అదే పేరుతో పిలిచేది. లాన్‌లో ఏ మూల గడ్డి ఎంత తాగుతుందో అతనికి కంఠతా వచ్చు. నీళ్ళు పడుతూ గడ్డితో మాట్లాడేవాడు, ఎక్కువగా తిట్లే.

నా పని వేరు. ఇళ్ళల్లో లైట్లు, ఫ్యాన్లు, గేట్లు ఫోన్‌తో నడిచేలా పరికరాలు బిగిస్తాను. డాక్టరమ్మగారు లాన్‌కి స్ప్రింక్లర్లు పెట్టించాలనుకుంటున్నారని తెలిసి, ఎలాగూ ఎవరో ఒకరు పెడతారు, ఆ పనేదో మనవాడికే రానీ అని బావే నా పేరు చెప్పాడు. తన పొట్ట కొట్టే మిషన్‌కి తానే దారి చూపించాడు. అప్పుడు నాకా సంగతి తట్టలేదు. తట్టినా మానేసేవాణ్ణి కాదేమో.

ఏర్పాటు చాలా తేలిక. మట్టిలో తడి చూసే సెన్సర్ ఒకటి గుచ్చాను. పొద్దున్న ఆరింటికి మట్టి పొడిగా ఉంటే స్ప్రింక్లర్లు వాటంతటవే తిరుగుతాయి. తడిగా ఉంటే ఊరుకుంటాయి. ఏ రోజు ఏం జరిగిందో డాక్టరమ్మగారి ఫోన్‌కి కబురు వెళుతుంది. ఇదంతా బావను కూర్చోబెట్టి గొప్పగా వివరించింది నేనే. తడి ఉంటే అది తిరగదన్నమాట అని ఒక్కటే అడిగాడు. తిరగదన్నాను.

ఇరవై మూడు రోజుల తర్వాత డాక్టరమ్మగారు పిలిపించారు. ఎండలు మండిపోతున్నా ఫోన్ మాత్రం రోజూ మట్టి తడిగానే ఉందంటోంది. స్ప్రింక్లర్లు ఒక్కరోజు కూడా తిరగలేదు. పైపాయనే చేత్తో నీళ్ళు పడుతున్నాడు. ఇది ఉత్త డొల్ల మిషన్, పీకి పట్టుకుపొమ్మన్నారు. ఆవిడ ఏమంటారో విని పెట్టించుకుందామని ఆ వీధిలో ఇంకో నాలుగిళ్ళవాళ్ళు ఎదురుచూస్తున్నారు.

ఫోన్‌లో మట్టి తడి హెచ్చుతగ్గులు చూపే గీత తెరిచి చూశాను. రోజూ ఆరింటికి పది నిమిషాల ముందు అది ఒక్కసారిగా పైకి లేస్తోంది. చెంబెడు నీళ్ళు పోస్తే అలాగే లేస్తుంది. ఆ వేళకి ఆ తోటలో ఉండే మనిషి ఒక్కడే. సెన్సర్ పాడైందండీ, మారుస్తాను అంటే సరిపోయేది. తర్వాత బావను పక్కకి పిలిచి నాలుగు చీవాట్లు పెడితే గొడవ అక్కడితో తీరిపోయేది. కానీ నా పనిని డొల్ల అనేసరికి నాకు ఒళ్ళు మండింది. ఫోన్ ఆవిడ ముందు పెట్టి, లోపం మిషన్‌లో లేదండీ, ఎవరో సెన్సర్ మీద నీళ్ళు పోస్తున్నారన్నాను. ఎవరని అడిగారు. కిటికీలోంచి బావ వైపు వేలు చూపించాను. పేరు పెట్టి చెప్పలేదు కదా అని ఆ తర్వాత ఎన్నిసార్లు సర్దిచెప్పుకోబోయానో నాకే తెలుసు. సిగ్గులేని మనిషిని.

ఆవిడ బావను లోపలికి పిలిచారు. కాళ్ళు తుడుచుకుని వచ్చాడు. ఆవిడ మొహం గంటు పెట్టుకుని ఉన్నారు, నేను తల దించుకుని ఉన్నాను. నాకు అక్షింతలు పడుతున్నాయనుకున్నాడు పిచ్చి మానవుడు. ఎవరూ ఏమీ అడక్కముందే నోరు విప్పాడు.

"అబ్బాయినేం అనకండమ్మా. మిషన్ బానే ఉంది. నేనే రోజూ దాని మీద చెంబెడు నీళ్ళు పోస్తున్నా. అది తిరగడం మొదలెడితే ఇక నాకిక్కడ పనేముంటుందని భయమేసింది. వాడికి ఈ సంగతి తెలీదు."

డాక్టరమ్మగారు నావైపు ఒక్కసారి చూశారు. నేను అప్పటికే చెప్పేశానని మాత్రం అనలేదు. పంతొమ్మిదేళ్ళు నమ్మితే ఇలా చేస్తావనుకోలేదని, నెలాఖరు దాకా ఉండి వెళ్ళిపొమ్మని బావతో చెప్పారు.

మర్నాడు పొద్దున్న స్ప్రింక్లర్లు తిరిగాయి. ఆ నాలుగిళ్ళకీ నేనే బిగించాను. దాంతో బావకు ఆ వీధిలో ఇంక పని దొరకలేదు. ఇప్పుడొక దుకాణం ముందు కుర్చీ వేసుకుని వచ్చేపోయే బళ్ళకు కాపలా ఉంటున్నాడు. కూర్చుని చేసే పని అతని ఒంటికి పడదు.

మొన్న ఆదివారం అక్కావాళ్ళింటికి వెళ్ళేసరికి బావ పక్కింటాయనకు ఆ రోజు సంగతి చెబుతున్నాడు. తాను ఒప్పుకోకపోతే బావమరిది బతుకు ఆ గదిలోనే బజారున పడేదట. అక్క నాకు టీ ఇస్తూ మొగుడి వంక గర్వంగా చూసింది. ఇక దాచలేననిపించింది. చెప్పేద్దామని నోరు తెరిచాను.

బావ నా భుజం మీద చెయ్యి వేసి, "నా పని పోతే పోయింది, నీ పరువు నిలబడింది కదరా" అన్నాడు.

"అంతా నీ చలవే బావా" అన్నాను.