మాట రాకముందు గుడ్డు

విమానాశ్రయం పక్కనున్న మా సాతంరాయిలో మధ్యాహ్నపు ఎండ కలలా పరుచుకునేది. ఏడాది నిండిన మా పాప నా ఒళ్లో పడుకుని, కిందికి దిగే విమానాలను చూసేది. దాని చేతులు పుల్లల్లా ఉండేవి. అంగన్‌వాడీ గుడ్లు ఇంటికొచ్చినా దాని నోటికి అందేవి కావు.

"మాటలు రాకముందు గుడ్డు పెడితే నాలుక మందమైతది," అనేది మా అమ్మ.

మూఢనమ్మకం పసిదాని కంచంలో కూర్చుంటే నాకు ఒళ్లు మండేది.

"మరి నాకెప్పుడు పెట్టినవే?" అని ఒకరోజు అడిగాను.

"ఏడాదికే. మీ బాపు దొంగతనంగ పెట్టిండు."

"నా నాలుక మందమైందా?"

"అయితే బాగుండు. ఇంట్ల జర నిమ్మళంగ ఉండేది!"

ఇద్దరం నవ్వాం. నేను గుడ్డు మెదిపి అన్నంలో కలిపి ముద్ద చేయగానే అమ్మ గిన్నె లాక్కుంది.

"గింత పెద్ద ముద్దనా?" అంటూ చిన్నది చేసి తనే పెట్టింది.

పాప మెల్లగా చప్పరించి, మళ్లీ నోరు తెరిచింది.