నాలుగు వేళ్ళ తొట్టి, రెండు వేళ్ళ తొట్టి

బయలుదేరిన ప్రతివారికీ ముందు నడిచి గమ్యం చేర్చే దేవునికి, బండలు పగిలే ఎండల్లోనూ మా సీమ నేల కింద నీళ్ళు దాచిపెట్టిన ఆ కృపామయునికి ముందుగా నా స్తోత్రం. ఈ మాట రాయకుండా నా కలం ముందుకు కదలదు. ధర్మవరంలో మా నాయన నేర్పిన అలవాటు ఇది. ఆయన మగ్గం మీద కొత్త చీర మొదలుపెట్టినా, సంతకు బయలుదేరినా, చివరికి గొడవకు దిగినా ముందు స్తోత్రం చెప్పేవాడు.

మొన్న హిందూపురంలో మా మనవడి ఇంటికి పోయాను. వాడికి కార్ల పిచ్చి. జీతమంతా ఒక పాత కారుకు ధారపోసి, దాన్ని ఇంకా వేగంగా పరుగెత్తించాలని చూస్తుంటాడు. వరండాలో పేపరు పరిచి, దాని మీద రెండు లోహపు తొట్లు పెట్టుకొని, పెళ్ళిచూపుల్లో అక్కనూ చెల్లెల్నీ ఒకేసారి చూపించినట్టు తికమకపడుతూ కూర్చున్నాడు. గేరు పెట్టె అడుగున బిగించే ఆయిల్ పాన్లట అవి. లోతుగా ఉన్నదాంట్లో నూనె ఎక్కువ పడుతుంది, గేరు పెట్టె తొందరగా వేడెక్కదు అని నాకు చెప్పబోయాడు. "అదుండనీ. లోతుది పెడితే నేలకు ఎంత ఎడం మిగుల్తుందో చూసినావా? నూనె పీల్చే గొట్టం అంత కిందికి అందుతుందా?" అన్నాను. వాడు నన్ను ఎగాదిగా చూశాడు. ఎనభై దాటిన ముసలిదానికి గేరు పెట్టె కడుపులోని సంగతులు ఎట్ల తెలుసని వాడి అనుమానం. వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

అరవైల మొదట్లో ధర్మవరంలోని మా క్రైస్తవ సంఘానికి ఒక కారు ఉండేది. అమెరికా కారు, ఏనుగంత. బెంగుళూరులో ఒక ధనవంతుల బిడ్డ దాన్ని పందేలకు తోలేవాడు. ఆయన మనసు మారి దేవుని వైపు తిరిగాక, ఇక నాకు వేగం వద్దని దాన్ని మా సంఘానికి ఇచ్చేశాడు. దానికి క్లచ్చి లేదు, గేర్లు అవే మారతాయి. ఆ సంగతి నమ్మలేక మా వీధివాళ్ళు తలుపు తెరిచి, వంగి, మూడో పెడలు కోసం వెతికి పోయేవాళ్ళు. ధర్మవరంలో కష్టమైన కాన్పు వస్తే హిందూపురం ఆసుపత్రికి చేర్చడానికి ఆ కారును వాడాలని సంఘం తీర్మానించింది. రైలు లేదా అంటే ఉంది, కానీ అది దాని వేళకు వస్తుంది, బిడ్డలు వాళ్ళ వేళకు వస్తారు. కారు తోలేది మా అన్న. సంఘపెద్దల్లో పెద్ద మా నాయన. నిలువుగానూ అడ్డంగానూ సమానంగా పెరిగిన మనిషి. ఆయన కంఠం ఎంత పెద్దదంటే, మా వీధి చివర ఇళ్ళవాళ్ళు గుడికి రాకుండానే మా ఆరాధన విని పుణ్యం కట్టుకునేవాళ్ళు.

ఆ కారు చదును నేల మీద గాలిలా పోయేది. పెనుకొండ దగ్గర ఎత్తు మొదలయ్యేసరికి గేరు పెట్టె వేడెక్కిపోయేది. ఇంజను అరుస్తుంది, చక్రం మాత్రం తిరగదు. అప్పుడు దిగి, బానెట్టు తెరిచి, అది చల్లబడేదాకా చెట్ల నీడన పాటలు పాడుకోవడమే. మా వదిన తొలికాన్పుకు పోయేటప్పుడు కూడా అట్లాగే ఆగింది. ఆ రోజూ పాటలు పాడారు. వదిన దక్కింది, బిడ్డ దక్కలేదు. ఆ తరువాత చాలా రోజులు అన్న స్టీరింగు ముట్టుకోలేదు. నాయన ఆ సంగతి ఎత్తేవాడు కాదు. కానీ వదినకు మళ్ళీ నెల తప్పిందని తెలిసిన ఆదివారమే, ఆరాధన అయ్యాక లేచి, "ఈ తూరి కారు పెనుకొండలో నిలబడకూడదు. ఏం చేయల్లో చెప్పండప్పా" అన్నాడు.

చెప్పింది హిందూపురం కార్ల మేస్త్రి. ఆయన సాయిబు. నమాజు వేళ తప్పడు, గొప్పలు చెప్పుకోవడమూ తప్పడు. గేరు పెట్టె కింద ఉన్న తొట్టి పలచనదని, నూనె చాలక కాగిపోతోందని తేల్చి, నాలుగు వేళ్ళ లోతు ఎక్కువున్న అల్యూమినియం తొట్టిని బెంగుళూరు నుంచి తెప్పించాడు. గోనెసంచిలోంచి తీస్తే అది గుడి ఆవరణలో వెండిపళ్ళెంలా మెరిసింది. "చూడు పెద్దాయనా, పందేల కార్లకు ఇదే బిగిస్తారు. నేను చెప్తాండా, పెనుకొండ ఏం లెక్క, హిమాలయం ఎక్కుతుంది!" అన్నాడు. మా సంఘంలో ఏది కొన్నా పెద్దలు బైబిలు వాక్యంలో ఆధారం చూపాలి. నాయనకు అందులోని ప్రవక్తా, ఆయన మాటకు పాత్రలన్నీ నింపిన విధవరాలి నూనె కూజా గుర్తొచ్చాయి. "ఆమె తెచ్చిన పాత్రలు నిండేదాకానే నూనె వచ్చింది. పాత్ర చిన్నదైతే నూనె చిన్నదే" అన్నాడు. అందరూ ఆమేన్ అన్నారు. కొలత టేపు తెమ్మని మాత్రం ఎవరూ అనలేదు.

తొట్టి బిగించడమైంది. గొట్టం పొడుగు చేయడమూ అయింది. కృతజ్ఞత చెల్లించకుండా దాన్ని పనికి పెట్టడం మా ఆచారం కాదు. పెనుకొండలో ప్రార్థన కూటం ఉందని అందరూ కారెక్కారు. అందరూ అంటే నిజంగా అందరూనే. ఒడుల్లో పిల్లలు, పిల్లల ఒడుల్లో కంజీరలు, పైన కట్టిన హార్మోనియం, ముందు సీటు నిండా నాయన. పల్లవి అందుకున్నారో లేదో రైల్వే గేటు వచ్చింది. పట్టాల మీదికి ఎక్కగానే కింద ధడేల్మని చప్పుడు. దాటి ఆగి చూస్తే దుమ్ములో ఎర్రటి మడుగు. ఆ గేరు నూనె రంగే అంత. గేటు దగ్గర ఆగిన ఎద్దులబండి ఆయన తొంగిచూసి, "ఏమప్పా, గొర్రెను తొక్కిచ్చినారా?" అన్నాడు. నాయన కిందికి దిగి, "గొర్రె కాదప్పా, నూనె" అన్నాడు నీరసంగా. నేను విన్న ఆయన మాటల్లో అంత చిన్న గొంతుతో అన్నది అదొక్కటే.

మేస్త్రి వచ్చి పగిలిన తొట్టిని చూసి నాయన మీద విరుచుకుపడ్డాడు. "నేను కారుకు తొట్టి బిగిచ్చినా గాని ఊరికి బిగిచ్చల్యా! మీ సంఘమంతా ఒక్క కార్లోనే పరలోకం పోవల్లనా?" నాయన ఊరుకుంటాడా? "నీ బెంగుళూరు సరుకు రైలుపట్టాకే ఓర్వల్యా, హిమాలయం ఎక్కుతుందంట!" ఇద్దరూ ఎండలో నిలబడి చాలాసేపు అరుచుకున్నారు. తరువాత ఇద్దరూ కలిసి మా ఇంట్లో మజ్జిగ తాగారు. తాగుతూ కూడా అరుచుకున్నారు.

మేస్త్రి కారును హిందూపురం లాక్కుపోయి, పాత తొట్టికే చుట్టూ రెండు వేళ్ళ రేకు అతికి, అడుగున నూనె దించడానికి ఒక బిరడా పెట్టి బిగించి తెచ్చాడు. నల్లటి అతుకులతో అది కాలిన పెనంలా ఉంది. పగిలిన నాలుగు వేళ్ళదాన్ని కూడా అతికించి సంచిలో తెచ్చాడు. గుడి ఆవరణలో సంఘం కూటం ముందు పెట్టి, ఏది కావాలో మీరే చెప్పండి, తరువాత నన్ను అనొద్దు అన్నాడు. వదినకు అప్పటికి నెలలు నిండుతున్నాయి. నాయనకు రెండు వేళ్ళది నచ్చలేదు. "సగం సగం విశ్వాసం నాకు గిట్టదు. నాలుగు వేళ్ళదే పెట్టు. గేటు కాడ నిదానంగా పోతాం" అన్నాడు. పెద్దలు తలలూపారు. అప్పుడు ఆడవాళ్ళ చాప మీదనుంచి వదిన లేచింది. ఆ కూటంలో ఆడవాళ్ళు మాట్లాడే వాడుక లేదు. పైగా మా వదిన వంటింట్లోనే నాలుగు మాటలకు మించి మాట్లాడదు.

"మామా, పోయేది నేను. ఒక మాట చెప్తా" అంది. నాయన చెప్పమన్నట్టు చెయ్యి ఊపాడు. "మగ్గం గుంతలో తొక్కుడు చెక్కలు కట్టేటప్పుడు మనిషిని కూచోబెట్టి, కాళ్ళు పెట్టిచ్చి, నేలకు తగలకుండా కడతాం కద. ఉత్త మగ్గాన్ని చూసి కట్టం కద. ఆ పొద్దు ఎవరెవరు పోతారో అందరూ ఎక్కండి. ఎక్కినాక కింద చూడండి."

మగ్గాల మీద బతికే ఊరు మాది. ఆ మాటతో అందరూ లేచి కారు దగ్గరికి నడిచారు. అన్న స్టీరింగు ముందు కూర్చున్నాడు. వదిన, అమ్మ, మంత్రసాని వెనక ఎక్కారు. ఆసుపత్రి ప్రయాణానికి ముగ్గురు పెద్దలు ప్రార్థిస్తూ కూడా పోవడం మా ఆచారం కాబట్టి, నాయనా మరో ఇద్దరూ సర్దుకున్నారు. మేస్త్రి కింద పడుకొని చెయ్యి పెట్టి, "రెండు వేళ్ళ తొట్టికే పిడికిలి దూరల్యా! ఆ నాలుగు వేళ్ళదైతే నేల దున్నుకుంటా పోతుంది" అని అరిచాడు. ఒక పెద్ద దిగాడు. ఇంకా చాలదన్నాడు మేస్త్రి. ఇంకొక పెద్ద దిగాడు. ఇంకా చాలదు. చివరికి నాయన దిగాడు. కారు నిట్టూర్చినట్టు పైకి లేచింది. కిందనుంచి మేస్త్రి గొంతు వినిపించింది: "ఇప్పుడు బాగా దూరతాంది. బరువు తగ్గితే ఎత్తులో వేడీ తగ్గుతుంది."

తొలికాన్పు రోజున ఆ కార్లో ఎవరెవరు ఎక్కారో అందరికీ ఒక్కసారే గుర్తొచ్చిందని వాళ్ళ ముఖాలు చూస్తే తెలిసింది. మేస్త్రి బయటికి వచ్చి చేతులు తుడుచుకుంటూ ఉండిపోయాడు. ఎగతాళి చేయడానికి అంత మంచి అవకాశం ఆయన వదులుకోవడం నేను మళ్ళీ చూడలేదు. నాయన కారు రేకు మీద చెయ్యి ఆనించాడు. తరువాత, "ఇదే ఉండనీ సాయిబూ. నేను ఈడే ఉండి ప్రార్థన చేస్తా. ఆయనకు ఈడనుంచి కూడా వినపడుతుంది" అన్నాడు.

నొప్పులు తెల్లవారుతూనే మొదలయ్యాయి. కారు వీధి మలుపు తిరిగాక నాయనా నేనూ ఇంట్లో మిగిలాం. ఆయన మోకాళ్ళూనాడు. వీధి చివరిదాకా వినిపించే మనిషి, పెదవులు మాత్రం కదిలిస్తూ ఉండిపోయాడు. కొంతసేపటికి లేచి మగ్గంలో కూర్చున్నాడు. కాసేపు నేసి, "ఇప్పుడు గేటు దాటింటారు కదమ్మా" అన్నాడు. దాటింటారు నాయనా అన్నాను. ఇంకా కాసేపు నేసి, "ఇప్పుడు పెనుకొండ ఎక్కతాంటారు" అన్నాడు. ఆ మాట అన్నాక నేయడం ఆపేశాడు. నేను జొన్నరొట్టె పెడితే అది అలాగే ఆరిపోయింది. మధ్యాహ్నం ఎండ గడప దాటి లోపలికి వచ్చేవేళకు హారన్ వినిపించింది. మా అన్న హారన్ అంత పొడుగ్గా ఎప్పుడూ కొట్టలేదు.

"ఆడబిడ్డ నాయనా! ఇద్దరూ బాగుండారు!" అని అన్న వీధిలోంచే అరిచాడు. "యాడా నిలబడల్యా!"

నాయన పరుగెత్తలేదు. నడిచి కారు దగ్గరికి పోయి, ఆ పెద్ద దేహాన్ని ఎట్ల వంచాడో వంచి, దుమ్ములో మోకాళ్ళూని, కింద చెయ్యి పెట్టి తొట్టిని తడిమాడు. "వెచ్చగా ఉండాది, అంతే" అన్నాడు. ఆ చేతిని పంచెకు తుడుచుకున్నాక గానీ, "బిడ్డ ఎవరి పోలిక రా?" అని అడగలేదు. అన్న చెబుతుంటే నాయన నోరు తెరిచి స్తోత్రం పాడాడు. వీధి చివర ఇళ్ళదాకా వినిపించింది.

ఇప్పుడు ఆ దారి వెడల్పాటి రోడ్డు. మా మనవడు పెనుకొండ ఎత్తును పాటొకటి ముగిసేలోగా దాటేస్తాడు. ఎవరింటి ఆడబిడ్డో ఈ పూట నొప్పులతో అదే దారిలో పోతూ ఉండవచ్చు, ఆమె కోసం ఎవరో ఒకరు ఇంట్లో చేతులు కట్టుకొని కూర్చొని ఉండవచ్చు. మీరు కూడా నాతో ఒక్క క్షణం కళ్ళు మూసుకొని వాళ్ళిద్దరి కోసం ప్రార్థించండి. ఎందుకంటే, కాలం దారులను ఎంత పొట్టి చేసినా, ఎదురుచూసేవాళ్ళకు ఆ దారి అప్పుడెంతో ఇప్పుడూ అంతే.